తగ్గింది ధరలు కాదమ్మా: అమెరికా ఆర్థిక వార్తల వెనక ఇంటి లెక్కలు

2023 జులై 12న అమెరికా కార్మిక గణాంకాల సంస్థ జూన్ నెల ద్రవ్యోల్బణం లెక్క విడుదల చేసింది. 3 శాతం. సరిగ్గా ఏడాది ముందు, 2022 జూన్‌లో అది 9.1 శాతం. నలభై ఏళ్లలో అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. తొమ్మిది నుంచి మూడుకు దిగిందంటే పెద్ద వార్తే. మన పేపర్లలోనూ వచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత, జులై 20న, భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసింది. ఆ వార్త తెలియగానే అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు. చాలాచోట్ల ఇంటికి ఒక్క బస్తాయే ఇస్తామన్నారు. సోనా మసూరి ధర రెండు మూడు రోజుల్లోనే ఎగబాకింది.

మా చెల్లి డాలస్ దగ్గర ఉంటుంది. ఆ వారం అమ్మ ఫోన్లో, "అక్కడ ధరలు తగ్గాయంట కదే, పేపర్లో చూశాను" అంది. చెల్లి అప్పుడే రెండు స్టోర్లు తిరిగి ఒక బస్తా తెచ్చుకుని ఇంటికొచ్చింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తగ్గింది ధరలు కాదమ్మా" అంది. అంతకు మించి చెప్పే ఓపిక దానికి ఆ రోజు లేదు. అది చెప్పకుండా వదిలేసినదాన్ని నాకు అర్థమైనంతలో ఇక్కడ విప్పి చెప్పాలని ప్రయత్నం.

ముందే ఒక మాట. అమెరికా ప్రభుత్వం అంకెలన్నీ అబద్ధాలని నేను అనుకోవడం లేదు. ఆ లెక్కలు తీసేవాళ్లు నిజాయితీగానే తీస్తారు, ఎలా తీశారో కూడా రాసి పెడతారు. కానీ ప్రతి అంకె ఏదో ఒక ప్రశ్నకు జవాబు. నెలాఖరున ఇంట్లో కూర్చుని లెక్క చూసుకునే మనిషి అడిగే ప్రశ్న సాధారణంగా అది కాదు. పేపర్లో హెడ్డింగ్ పెట్టేటప్పుడు ఆ ప్రశ్న ఎగిరిపోతుంది, జవాబు ఒక్కటే మిగులుతుంది.

ద్రవ్యోల్బణాన్నే తీసుకోండి. అది ధరలు పెరిగే వేగం. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో నాలుగు లక్షల క్యూసెక్కుల నుంచి లక్షకు తగ్గిందని వార్త వస్తే జలాశయంలో నీళ్లు తగ్గాయని మనమెవరం అనుకోం. గేట్లు మూసి ఉంటే ఆ లక్ష కూడా వచ్చి చేరి నీటిమట్టం ఇంకా పెరుగుతుందని మనకు తెలుసు. ధరలూ అంతే. 9.1 నుంచి 3కు దిగినప్పుడు కూడా ధరలు పెరుగుతూనే ఉన్నాయి, కాకపోతే నెమ్మదిగా. మట్టం ఎక్కడుందో చూడాలంటే సూచీని చూడాలి. 2020 జనవరిలో వినియోగ ధరల సూచీ (ఇంటి ఖర్చుల బుట్ట మొత్తం ధరను చూపే అంకె) 258 దగ్గర ఉంది. 2024 డిసెంబర్‌కి 316 దగ్గరికి చేరింది. అంటే 2020 మొదట్లో 100 డాలర్లకు వచ్చిన బుట్టకు 2024 చివర్లో 122 డాలర్లు పెట్టాల్సి వచ్చింది. ఇంట్లో వండుకునే సరుకులైతే పావు వంతుకు పైగానే పెరిగాయి. "తగ్గింది" అన్న వార్త ఎన్నిసార్లు వచ్చినా ఆ 22 డాలర్లు వెనక్కి రాలేదు.

గుడ్ల ధర గురించి మీరు చాలా చదివి ఉంటారు. డజను గుడ్ల సగటు ధర 2020 జనవరిలో డాలరున్నర లోపే. 2025 మార్చిలో 6 డాలర్ల 23 సెంట్లు. దానికి ముఖ్య కారణం బర్డ్ ఫ్లూ. కోట్ల కోళ్లను చంపాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి మళ్లీ 3 డాలర్ల కిందికి దిగింది. పెరిగినప్పుడు ఒక పార్టీ, తగ్గినప్పుడు ఇంకో పార్టీ ఆ గుడ్లనే చూపించి మాట్లాడాయి. ఇంటి బడ్జెట్‌లో గుడ్ల వాటా ఎంతని? నన్నడిగితే గుడ్ల మీద అంత చర్చ అవసరం లేదు. అసలు బరువు ఇంటి దగ్గర ఉంది.

న్యాయంగా ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఆ ఐదేళ్లలో జీతాలు కూడా పెరిగాయి. ప్రైవేటు రంగంలో గంటకు సగటు వేతనం 2020 జనవరిలో 28 డాలర్ల 40 సెంట్ల దగ్గర ఉంటే, 2024 డిసెంబర్‌కి 35 డాలర్ల 70 సెంట్ల దగ్గరికి వచ్చింది. సుమారు 25 శాతం. ధరలు 22, జీతాలు 25. కాబట్టి సగటు మనిషి కాస్త ముందే ఉన్నాడని ఆర్థికవేత్తలు అంటారు. అంతే కాదు, హోటళ్లలో, గోడౌన్లలో పనిచేసే తక్కువ జీతాలవాళ్లకు కరోనా తర్వాతి రెండు మూడేళ్లలో మిగతావాళ్ల కన్నా వేగంగా జీతాలు పెరిగాయి. ఇది నిజం, దాచకూడదు. మరి 2022 జూన్‌లో మిషిగన్ యూనివర్సిటీ వినియోగదారుల విశ్వాస సూచీ 50కి ఎందుకు పడింది? ఆ సర్వే చరిత్రలో అప్పటిదాకా అంత తక్కువ లేదు. అదే సమయంలో నిరుద్యోగం నాలుగు శాతం లోపే ఉంది.

కొంత రాజకీయం ఉంది. ఆ సర్వేలో ఎన్నికల ఫలితం రాగానే గెలిచిన పార్టీవాళ్లకు దేశం బాగైపోయినట్టు, ఓడినవాళ్లకు పాడైపోయినట్టు కనిపిస్తుంది. కొంత మనిషి మనసు కూడా. హార్వర్డ్‌లో స్టెఫనీ స్టాంచెవా అనే ఆర్థికవేత్త జనాన్ని అడిగి చూసి 2024లో రాసింది: జీతం పెరిగితే అది తమ పనికి దక్కిన ఫలం అనుకుంటారు, ధర పెరిగితే ఎవరో తమ జేబులోంచి తీసుకున్నట్టు అనుకుంటారు. ఇదంతా నేను ఒప్పుకుంటాను. కానీ "జనానికి అలా అనిపిస్తోందంతే, నిజానికి బాగానే ఉన్నారు" అని అక్కడితో ముగించేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఆ 22 శాతం బుట్టలో లేని ఖర్చు ఒకటుంది.

అది వడ్డీ.

అమెరికా వినియోగ ధరల సూచీలో ఇల్లు కొన్న ధర ఉండదు, ఇంటి అప్పు మీద కట్టే వడ్డీ ఉండదు. 1983కు ముందు ఉండేవి. ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చారు. సొంతింట్లో ఉండేవాళ్లు తమ ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో అడిగి, దాన్ని బట్టి ఆ ఖర్చు వాటా నిర్ణయిస్తారు. ఆ అద్దె ఎంత పెరిగిందో చుట్టుపక్కల అద్దె ఇళ్లను చూసి అంచనా వేస్తారు. మొత్తం సూచీలో పావు వంతు ఈ ఊహా అద్దెదే. ఇల్లు ఒక ఆస్తి, అందులో ఉండటం మాత్రమే వినియోగం అన్నది వాళ్ల వాదన. సిద్ధాంతంగా తప్పు పట్టలేం. కానీ ఊహా అద్దె ఎవరూ చెక్కు రాసి కట్టరు. జనం కట్టేది మార్ట్‌గేజ్, అంటే ఇంటి అప్పు వాయిదా.

ఆ మార్ట్‌గేజ్ ఏమైందో చూడండి. 30 ఏళ్ల స్థిర వడ్డీ సగటు 2021 జనవరిలో 2.65 శాతం. చరిత్రలోనే తక్కువ. 2023 అక్టోబర్ చివర్లో 7.79 శాతం. ఒకే వీధిలో రెండు కుటుంబాలు చెరో 3 లక్షల డాలర్ల అప్పు తీసుకున్నాయనుకుందాం. ఒకరు 2021 మొదట్లో, ఇంకొకరు 2023 చివర్లో. మొదటివాళ్ల నెల వాయిదా 1,210 డాలర్ల దగ్గర. రెండోవాళ్లది 2,150 దాటుతుంది. అదే వీధి, అదే స్కూలు, నెలకు 940 డాలర్లకు పైగా తేడా, ముప్ఫై ఏళ్లపాటు. పైగా రెండోవాళ్లు కొనేసరికి ఇంటి ధర కూడా పెరిగిపోయింది కాబట్టి అదే ఇంటికి 3 లక్షల అప్పు సరిపోదు. ధరల సూచీ ఈ రెండు కుటుంబాల మధ్య తేడాను చూడలేదు. ఇద్దరికీ ఒకే ద్రవ్యోల్బణం.

మొదటి కుటుంబం సుఖంగా ఉందా అంటే, అదీ పూర్తిగా కాదు. ఉద్యోగం వేరే ఊళ్లో దొరికినా, పిల్లలు పెరిగి ఇల్లు ఇరుకైనా, ఆ 2.65 శాతం అప్పును వదిలి ఏడు శాతం అప్పులోకి వెళ్లడానికి ఎవరికీ చేయి రాదు. అందుకే అమ్మకానికి వచ్చే ఇళ్లు తగ్గిపోయాయి. ఇళ్లు తక్కువైతే ధర దిగదు. వడ్డీ పెరిగితే ఇళ్ల ధరలు పడిపోతాయని 2022లో చాలామంది చెప్పారు. దేశం మొత్తం మీద చూస్తే అది జరగకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

దీనికితోడు ఎస్క్రో. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, బదులుగా ఆస్తి పన్ను బాగా ఎక్కువ. ఆ పన్నుకూ ఇంటి ఇన్సూరెన్సుకూ కలిపి నెలనెలా కొంత డబ్బు మార్ట్‌గేజ్ కంపెనీయే వసూలు చేసి పక్కన పెడుతుంది. వడ్డీ స్థిరంగానే ఉంటుంది, కానీ పన్ను, ఇన్సూరెన్సు పెరిగితే ఏడాదికోసారి "ఎస్క్రో షార్టేజ్" అని ఉత్తరం వస్తుంది. మా చెల్లి ఇంటికీ వచ్చింది. తక్కువపడింది కట్టాలి, వచ్చే ఏడాదికి వాయిదా కూడా పెరుగుతుంది. స్థిర వడ్డీ కదా, ఇక టెన్షన్ లేదు అనుకున్న మనిషికి ఆ ఉత్తరం ఎలా ఉంటుందో నేను దాని గొంతులో విన్నాను. వడగళ్లు, గాలివానలు ఎక్కువైన కొద్దీ అక్కడ ఇంటి ఇన్సూరెన్సు ఏటా బరువెక్కుతోంది.

ఆరోగ్య బీమా గురించి క్లుప్తంగా. 2024లో కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ బీమా ప్రీమియం ఏడాదికి సగటున 25,572 డాలర్లని ఆరోగ్య విధానాలపై పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ సర్వే చెప్పింది. అందులో ఉద్యోగి జీతంలోంచి కోసేది సుమారు 6,300. మిగతాది కంపెనీ కడుతుంది, అది ఉద్యోగి చేతికి రావాల్సిన జీతమే అని చాలామంది ఆర్థికవేత్తల అభిప్రాయం. అంత కట్టాక కూడా డాక్టర్ దగ్గరికి వెళ్తే డిడక్టబుల్ (బీమా కంపెనీ కట్టడం మొదలయ్యేలోపు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) అయ్యేదాకా చాలా బిల్లులు మన జేబులోంచే కట్టాలి.

ఇప్పుడు ఉద్యోగాల వార్తలు. 2023 ఏప్రిల్‌లో నిరుద్యోగం 3.4 శాతం, 1969 తర్వాత అంత తక్కువ లేదు. ఈ అంకె ఎలా వస్తుంది? నెలకు సుమారు 60 వేల ఇళ్లను అడుగుతారు. సర్వే వారంలో జీతానికి ఒక్క గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే. ఉద్యోగం లేకపోయినా, గత నాలుగు వారాల్లో వెతకకపోతే నిరుద్యోగి కాదు, లెక్కలోంచే పోతాడు. ఫుల్‌టైమ్ దొరక్క పార్ట్‌టైమ్ చేసేవాళ్లనూ, విసిగి వెతకడం మానేసినవాళ్లనూ కలిపే విస్తృత లెక్క కూడా అదే కార్మిక గణాంకాల సంస్థ ప్రతి నెలా ఇస్తుంది. 2024 డిసెంబర్‌లో మామూలు లెక్క 4.1 అయితే ఇది 7.5 శాతం. రెండోది ఎక్కడా దాచలేదు, హెడ్డింగ్‌లోకి ఎక్కదంతే.

మన పిల్లల సంగతి ఈ రెండు లెక్కల్లోనూ సరిగా పడదు. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు లేఆఫ్ అయితే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే స్టేటస్‌కు దరఖాస్తు చేయాలి, లేదా తిరిగి రావాలి. చదువు పూర్తయి ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్లకు మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండే వీల్లేదు. గడువు దాటి హైదరాబాద్ విమానం ఎక్కిన కుర్రాడు అమెరికా నిరుద్యోగ రేటులో ఉండడు. అతను దేశం విడిచిన రోజే ఆ లెక్క నుంచి కూడా వెళ్లిపోతాడు. రేటు కాస్త మెరుగుపడినట్టే కనిపిస్తుంది. పైగా 2024, 2025లో అమెరికాలో ఉన్న ఉద్యోగాలు పెద్దగా ఊడలేదు గానీ కొత్తగా తీసుకోవడం బాగా మందగించింది. ఉద్యోగంలో ఉన్నవాడికి అంతా మామూలుగానే ఉంటుంది. బయట ఉన్నవాడికి, ముఖ్యంగా కొత్తగా చదువు ముగించినవాడికి, తలుపు మూసుకుపోయింది. ఈ పరిస్థితిలో నాలుగు శాతం చిల్లర నిరుద్యోగం అన్న వార్త చదివి, మా అబ్బాయికే ఎందుకు రావడం లేదని ఖమ్మంలో తండ్రి కొడుకును కోప్పడితే, తప్పు కొడుకుది కాదు.

సగటు ఎంత మోసం చేయగలదో 2020 ఏప్రిల్ చూపించింది. ఆ ఒక్క నెలలో 2 కోట్లకు పైగా ఉద్యోగాలు పోయాయి. అదే నెలలో గంటకు సగటు వేతనం ఏకంగా 1 డాలర్ 34 సెంట్లు పెరిగి 30 డాలర్లు దాటింది. అది జీతాలు పెరిగినందువల్ల కాదు. తక్కువ జీతాలవాళ్లు రోడ్డున పడ్డారు. మిగిలినవాళ్ల సగటు దానంతట అదే పైకి లేచింది. అప్పటినుంచి సగటు జీతం పెరిగిందని ఏ వార్త చూసినా, లెక్కలోంచి ఎవరు పోయారు అని ముందు చూసుకుంటున్నాను.

సవరణల గురించి కూడా చెప్పాలి. 2024 మార్చి వరకు ఏడాదిలో లెక్కించిన ఉద్యోగాల్లో 8 లక్షల 18 వేలు ఎక్కువ రాశామని ఆ ఆగస్టులో ప్రాథమిక అంచనా ఇచ్చారు, చివరికి అది ఆరు లక్షల దగ్గర తేలింది. 2025 సెప్టెంబర్‌లో మరుసటి ఏడాదికి 9 లక్షల 11 వేలు తగ్గిస్తూ అంచనా వచ్చింది. మధ్యలో 2025 ఆగస్టు 1న, మే, జూన్ నెలల అంకెలు 2 లక్షల 58 వేలు తగ్గాయని ప్రకటించిన రోజే, ట్రంప్ కార్మిక గణాంకాల సంస్థ కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ను తొలగించారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అది తప్పు. కంపెనీలు ఆలస్యంగా ఇచ్చిన జవాబులు చేరాక అంకె మారుతుంది. మారిందని బయటికి చెప్పడమే ఆ సంస్థ మీద నమ్మకానికి ఆధారం. అలా చెప్పినందుకు ఉద్యోగం పోయే చోట రేపు ఎవరు చెబుతారు? అంకెల్ని ప్రశ్నించడం వేరు, లెక్కించేవాళ్లను భయపెట్టడం వేరు.

జీడీపీ దగ్గర తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన దగ్గర ఒక త్రైమాసికాన్ని పోయిన ఏడాది అదే త్రైమాసికంతో పోలుస్తారు. అమెరికాలో అంతకు ముందు మూడు నెలలతో పోల్చి, అదే వేగం ఏడాదంతా సాగితే ఎంతో ఆ అంకె చెబుతారు. 2020 రెండో త్రైమాసికంలో అమెరికా ఆర్థిక వ్యవస్థ 32.9 శాతం పడిపోయిందని వార్త వచ్చింది. మూడో వంతు కూలిపోయిందని వాట్సాప్‌లో తిరిగింది. అదే అంచనా ప్రకారం ఆ మూడు నెలల్లో తగ్గింది దాదాపు 9.5 శాతం. అదీ ఘోరమే, కానీ మూడో వంతు కాదు. మన వృద్ధి రేటునూ వాళ్ల వృద్ధి రేటునూ పక్కపక్కన పెట్టి సంబరపడే పోస్టులు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ప్రళయం వచ్చినట్టు చెప్పే వార్తల్ని కూడా ఇలాగే చూడాలి. "సగం మంది అమెరికన్ల దగ్గర అత్యవసరానికి 400 డాలర్లు కూడా లేవు" అన్నది మీరు వినే ఉంటారు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏటా అడిగే ప్రశ్న అది. 2024లో 63 శాతం మంది ఆ ఖర్చును చేతిలో డబ్బుతోనో, వచ్చే బిల్లులోనే పూర్తిగా కట్టేసే కార్డుతోనో భరిస్తామన్నారు. మిగతా 37 శాతంలో చాలామంది కార్డు మీద వాయిదాల్లో తీరుస్తామనో, తెలిసినవాళ్ల దగ్గర అప్పు తెస్తామనో అన్నారు. ఏ రకంగానూ కట్టలేమన్నవాళ్లు 13 శాతం దాకా. అంత ధనిక దేశంలో ఆ 13 శాతమే గుండె బరువెక్కించే సంగతి. దాన్ని 'సగం మంది' అని పెంచి చెప్పాల్సిన పని లేదు. "నూటికి అరవై మంది జీతం నుంచి జీతానికి బతుకుతున్నారు" అన్న వార్తల్లో అయితే ఆ మాటకు ఒక నిర్వచనమే ఉండదు. మార్ట్‌గేజ్ కట్టి, రిటైర్మెంట్‌కు దాచి, మిగిలింది ఖర్చు చేసేవాడూ అందులోనే, అద్దె కట్టలేనివాడూ అందులోనే. గృహస్తుల అప్పు 18 లక్షల కోట్ల డాలర్లన్నదీ అలాంటిదే. ఆదాయంతో పోలిస్తే వాయిదాల భారం 2008 సంక్షోభానికి ముందున్నంత లేదు. భయపడాల్సింది ఆ మొత్తాన్ని చూసి కాదు, 2024లో క్రెడిట్ కార్డు మీద 21 శాతం దాటిన వడ్డీని చూసి, నెలనెలా కనీస మొత్తం మాత్రమే కట్టగలిగేవాళ్లను చూసి.

ఆ 400 డాలర్ల ప్రశ్నకు అత్యుత్తమ జవాబు వచ్చింది 2021లో, 68 శాతం. ఎందుకో ఆలోచించండి. ఆ ఏడాది ప్రభుత్వం పిల్లల పన్ను రాయితీని పెంచి, ఆరేళ్ల లోపు ఒక్కో బిడ్డకు 3,600 డాలర్లు, పెద్దపిల్లలకు 3,000 ఇచ్చింది. అందులో సగాన్ని జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా ఖాతాల్లో వేసింది. సహాయాలన్నీ కలిపి చూసే లెక్క ప్రకారం పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. రాయితీ పెంపు ఆ ఏడాదితోనే ముగిసింది. 2022లో అదే పేదరికం 12.4 శాతం. ఒక్క ఏడాదిలో రెట్టింపుకు మించి. ఇదంతా నిరుద్యోగం మూడున్నర శాతం దగ్గర ఉన్న ఏడాదిలో, ఉద్యోగాలు బ్రహ్మాండంగా ఉన్నాయని హెడ్డింగులు వచ్చిన ఏడాదిలో జరిగింది. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లల ఇళ్లలో ఏం జరిగిందో ఉద్యోగాల అంకె చెప్పలేదు, జీడీపీ చెప్పలేదు, స్టాక్ మార్కెట్ అసలే చెప్పలేదు. అమెరికాలో జనం చేతిలో ఉన్న షేర్లలో పదింట తొమ్మిది వంతులు పైనున్న పది శాతం కుటుంబాలవి. మార్కెట్ రికార్డు కొట్టిందన్న వార్త ముందుగా వాళ్ల వార్త.

చివరిగా రూపాయి లెక్క. 2020 జనవరిలో డాలర్ 71 రూపాయల దగ్గర ఉంది, 2024 చివరికి 85 దాటింది. చెల్లి అప్పుడు వెయ్యి డాలర్లు పంపితే అమ్మ ఖాతాలో 71 వేలు పడేవి, 2024 చివర్లో పంపితే 85 వేలు పడేవి. అమ్మకు కూతురి సంపాదన పెరిగినట్టే కనిపిస్తుంది. అక్కడ అదే వెయ్యికి వచ్చిన సరుకులకు 1,220 పెట్టాల్సి వచ్చిందని అమ్మకు కనిపించదు. ఇక్కడ రూపాయల్లో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని అక్కడ డాలర్లలో సంపాదించేవాళ్లకు ఇది లాభమే, అప్పు తొందరగా తీరుతుంది. ఇంకా చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు మాత్రం 20 వేల డాలర్ల ఫీజు 14 లక్షల 20 వేల నుంచి 17 లక్షలకు చేరింది. ఆ ఫీజు కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టినవాళ్లకు, అమెరికాలో ద్రవ్యోల్బణం తగ్గిందన్న వార్త వల్ల ఆ 2 లక్షల 80 వేలలో ఒక్క రూపాయి తగ్గలేదు.